ప్రయాణంలో ఉన్నవాళ్ళ పళ్ళెం

ఉఎనో, టోక్యో
1973 జనవరి

షిగెనో అక్కకి,

ఉత్తరం మొదట్లో చలి గురించి, మంచు గురించి రెండు మర్యాద వాక్యాలు రాయాలి కదా. నేను రాయను. చలి ఎలా ఉందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. తెలిసిన సంగతే ఒకరికొకరం వంగి వంగి చెప్పుకోవడం పాతకాలపు బూజు అని మొన్న స్టేషన్ బయట పంచిన కరపత్రంలో ఉంది. ఎవరో గాని బాగా రాశాడు.

సోబా నూడుల్స్ అంగడిలో పని దొరికింది. గిన్నెలు కడగడం, సైకిల్ మీద ఇంటింటికీ సోబా చేర్చడం. యజమాని పేరు కుజే. నోరు తెరిస్తే తిట్టు. "అకితా నుంచి వచ్చినవాడివి, మంచు తవ్వినట్టు తవ్వకురా గిన్నెని, పగులుతుంది" అంటాడు. శ్రమకి విలువ గురించి అతనికి కాస్త చెప్పబోయాను. "ముందు చారు చల్లారుతోంది, తీసుకెళ్ళు" అన్నాడు.

అంగడి మూసే రోజు ఊరు తిరుగుతున్నాను. ఇనుప గోపురం ఎక్కను, చక్రవర్తి కోట కందకం చుట్టూ ఫోటోలు దిగను. అవి చూపించడానికి కట్టినవి. చూపించనివి చూస్తాను. తామరల చెరువు పక్కన ఒక చోట పాత కళ్ళజోళ్ళ కోసం నిలబెట్టిన రాయి ఉంది. ఇంకొంచెం అవతల, వంటవాళ్ళ చేతుల్లో చచ్చిన చేపల కోసం ఇంకో రాయి. అక్కా, కళ్ళజోడుకీ చేపకీ దండం పెట్టేవాళ్ళున్నారు ఈ ఊళ్ళో. మన రేవు నుంచి చలికాలం కూలికి వచ్చి, కట్టడాల గోతుల్లో పడి చచ్చిపోయినవాళ్ళకి మాత్రం గులకరాయి కూడా లేదు. అక్కడే నిలబడి గట్టిగా అన్నాను. చేపల రాయికి దండం పెడుతున్న ఒకావిడ గబగబా వెళ్ళిపోయింది.

ఈ ఊళ్ళోనే ఉండొచ్చనుకున్న ఇసాజి బావ జాడ ఇంకా తెలియలేదు. "బతికున్నాడా లేదా, ఆ ఒక్క మాట చెప్పు, ఇంకేం వద్దు" అన్నావు రైలు కదిలేటప్పుడు. చెబుతాను. ఎంత చేదుగా ఉన్నా సరే, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మన ఇంట్లో అలా చెప్పే మనిషి ఒక్కడైనా ఉండాలి.

ఇంకో మాట. ఆ నీడ పళ్ళెం ఇంకా పెడుతున్నావా? మూడు చలికాలాలుగా రాని మనిషికి రోజూ సాయంత్రం వేడన్నం, చారు వడ్డించి, మూత తీసి, లోపల ఆవిరి చుక్కలుంటే క్షేమంగా ఉన్నాడనుకోవడం! వేడి గిన్నె మీద మూత పెడితే ఆవిరి పడుతుందక్కా. తినాల్సినవాడు చచ్చినా పడుతుంది. నాకైతే పెట్టకు. నన్ను నవ్వులపాలు చెయ్యకు.

నీ తమ్ముడు
కిసాకు

---

ఫునకావా రేవు, అకితా
ఫిబ్రవరి

ఒరేయ్ కిసాకూ,

నువ్వు రాయనన్నావు కాబట్టి నేను రాస్తాను. ఇక్కడ మంచు కిటికీ సగం దాకా వచ్చింది. గాలికి రేవులో పడవలు ఒకదాన్నొకటి తన్నుకుంటున్నాయి. నువ్వు ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను. చూశావా, రాస్తే చెయ్యేం విరగలేదు.

నీకూ పెడుతున్నాను పళ్ళెం. నవ్వుకో. బావ పళ్ళెం పక్కన నీది. నీ గిన్నె మూత రోజూ తడే. నీ కోపం వేడికే ఆవిరి పడుతోందంటుంది పక్కింటి సావా పిన్ని. చివరికి రెండు పళ్ళేలూ తినేది నేనే. పెట్టింది పారెయ్యకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు, ఇంట్లోవాళ్ళే తినాలి. ఇంట్లోవాళ్ళు అంటే ఇప్పుడు నేనొక్కదాన్నే. నా అన్నంతో కలిపి మూడు. "ఎవరూ లేని ఇంట్లో ఒళ్ళు చేస్తున్నావేమే షిగెనో" అని పిన్ని ఎకసెక్కం.

చేపల రాయి దగ్గర కేకలేసి ఏం సాధించావురా? ఆవిడ కొడుకు ఏ చేపల పడవ మీద పోయాడో నీకేం తెలుసు?

ఇందులో కాగితం మడతలో విరిగిన సూదులు పెట్టాను. ఈ ఏడాది కుట్టుపనిలో విరిగినవి. అసకుస గుళ్ళో సూదులకి సెలవిచ్చే రోజున వాటిని టోఫూ జున్నులో గుచ్చి రా. మన ఊరి గుళ్ళో పూజారి మంచాన పడ్డాడు. జీవితమంతా గట్టి బట్టల్లో దూరాయి, ఒక్కరోజు మెత్తటిదాంట్లో పడుకోనీ. ఉపన్యాసం ఇవ్వకుండా గుచ్చు.

బావ సంగతి తొందరపడకు. కానీ తెలిస్తే దాచకు.

అక్క

---

ఉఎనో
ఫిబ్రవరి చివర

అక్కకి,

సూదులు గుచ్చాను. గుడి నిండా ఆడవాళ్ళు. దర్జీలు, కుట్టుబడి పిల్లలు, కిమోనోల ముసలమ్మలు. మధ్యలో నేనొక్కణ్ణే మగవాణ్ణి, చేతిలో కాగితం మడత. పెద్ద టోఫూ దిమ్మె మీద అప్పటికే బోలెడు సూదులు నిలబడి ఉన్నాయి. నీవి గుచ్చుతుంటే ఒక ముసలమ్మ "ఎవరివి నాయనా?" అంది. "మా అక్కవి." "కుడిచేత్తో పని చేస్తుందా?" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర కరపత్రం లేదు. నువ్వు ఏ చేత్తో కుడతావో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. తప్పేనా అది? రాయి.

తర్వాత మినోవా వైపు నడిచాను. అక్కడ ఒక గుడి ఉంది. పాతకాలంలో సానివాడల్లో చచ్చిపోయిన పిల్లల్ని గడ్డిచాపలో చుట్టి ఆ గుడి ముందు పారేసి వెళ్ళేవాళ్ళట. పేరు కూడా అడిగేవాళ్ళు కాదట. చూసి వచ్చాను. దాని గురించి పది పేజీలు రాయాలని ఉంది, ఇప్పుడు కాదు.

బావ దొరకలేదు. వెతికాను. దొరకలేదు.

ఒక మాట చెబుతాను, కోప్పడకు. ఇక వెతకడం అనవసరం అనిపిస్తోంది. నువ్వు ముప్ఫై దాటావు. జీవితాన్ని నువ్వే చేతుల్లోకి తీసుకోవాలి.

ఇతబాషిలో పాత రహదారి పక్కన ఒక చెట్టుంది. తెగతెంపుల చెట్టు అంటారు. తాగుబోతుల పెళ్ళాలు, జబ్బుతో విసిగినవాళ్ళు, అత్తల చేతిలో నలిగినవాళ్ళు అక్కడికి వస్తారు. దాని బెరడు గీరి, కాచి, ఎవరితో బంధం తెగాలో వాళ్ళ చేత తెలియకుండా తాగిస్తే తెగిపోతుందట. పెళ్ళి ఊరేగింపులు ఇప్పటికీ ఆ దారిన పోవు, చుట్టూ తిరిగి పోతాయి. నేను కొంచెం గీరి తెచ్చాను. ఇందులో పంపుతున్నాను. కాచి బావ పళ్ళెంలో చారులో పొయ్యి. నువ్వు ఎటూ పెడుతున్నావు కదా.

నమ్మమని కాదు. నమ్మినా నమ్మకపోయినా ఒక పని చేసినట్టుంటుంది, అంతే.

కిసాకు

---

ఫునకావా రేవు
మార్చి

కిసాకూ,

నేను ఎడమ చేత్తో కుడతాను. చిన్నప్పుడు నీ చొక్కా గుండీ కుట్టేటప్పుడు నా మోచెయ్యి నీ గడ్డానికి తగిలేది, ఏడ్చేవాడివి. పోనీలే.

నువ్వు పంపిన బెరడు కాచాను. ఇల్లంతా తడిసిన పాత గోనెసంచి వాసన. సావా పిన్ని ముక్కు మూసుకుని వచ్చి "ఎవరికే జబ్బు?" అంది. బావ చారులో పోశాను. మూత పెట్టాను. కాసేపటికి తీసి చూశాను. ఆవిరి పడింది, ఎప్పటిలాగే.

తర్వాత కూర్చుని తిన్నాను.

నీకిది తట్టలేదు కదూ? పక్కన దీపం వెలిగినంత సేపే పళ్ళెం ఆయనది. ఆ తర్వాత నాది. పారెయ్యకూడదు. గిన్నె ఎత్తి సగం తాగాక గుర్తొచ్చింది, అందులో ఏం కలిపానో. సగంలో ఆపడం ఇంకా తప్పేమో అని మిగతాదీ తాగేశాను. చేదేం లేదు. మట్టి రుచి.

ఇప్పుడు చెప్పు. గీరినవాడికీ తాగినవాళ్ళకీ బంధం తెగుతుందన్నావు. గీరింది నువ్వు. తాగింది నేను.

పిన్నికి చెబితే ముందు పడీ పడీ నవ్వింది. తర్వాత నవ్వలేదు. ఉప్పు తెచ్చి గుమ్మంలో చల్లి వెళ్ళింది.

నేను దానికి భయపడడం లేదు. నాకు ఇంకోటి భయంగా ఉంది. ఆవిరి చూస్తే నవ్వే కిసాకు, ఏ మొక్కూ మొక్కని కిసాకు, చెట్టు తోలు గీరి మడత పెట్టి పంపాడు. ఎందుకు? దొరకలేదు అని ఒకే సంగతి రెండుసార్లు రాశావు. నీకు ఏదైనా ఒక్కసారే చెప్పడం అలవాటు, అదీ అరిచి.

ఏం చూశావురా?

అక్క

---

ఉఎనో
మార్చి

అక్కా,

అబద్ధం రాశాను.

బావ బతికే ఉన్నాడు. మినోవా గుడి నుంచి వస్తుంటే చినుకులు మొదలయ్యాయి. సన్యా వైపు వెళ్ళాను. దినకూలీలు ఉండే పేట. కన్నీళ్ళ వంతెన అని ఒక కూడలి ఉందక్కడ. పేరుకే. వంతెనా లేదు, కింద ఏరూ లేదు, నాలుగు రోడ్లు. వాన కాబట్టి ఎవరికీ పని లేదు. మూల మీద పేగుల పులుసు అమ్మే కొట్లో నిలబడి తాగుతున్నారు. అందులో ఒకడు వెనక్కి తిరక్కుండానే "చిన్నోడా, గొడుగు బయట పెట్టు, నీళ్ళు కారుతున్నాయి" అన్నాడు. గొంతు తెలిసింది.

"బావా!" అన్నాను.

తిరిగాడు. కంగారేమీ పడలేదు. "ఓరి, పొడుగయ్యావే" అన్నాడు. ఒళ్ళు బాగానే ఉంది. కొంచెం నల్లబడ్డాడు.

"చచ్చిపోయావనుకున్నాం."

"అలాగే అనుకోండి. అందులో కష్టమేముంది?"

నేను మొదలుపెట్టాను. నీకు తెలుసుగా నా సంగతి. పల్లెల్ని పిండి పట్నాలు కట్టే వ్యవస్థ గురించి, దానికి బలైన తాను ఎదురు తిరగాల్సింది పోయి మనవాళ్ళకే ద్రోహం చెయ్యడం గురించి. చుట్టూ ఉన్నవాళ్ళు గిన్నెలు దించి వింటున్నారు. ఒకడు చప్పట్లు కూడా కొట్టాడు. బావ అంతా విని, నా జేబులోంచి కనిపిస్తున్న కరపత్రాల వైపు వేలు చూపించి, "ఇల్లరికం వచ్చి, ఆ ఇంటి పేరు పెట్టుకుని, చెప్పకుండా పోయినవాడికి ఏం రాశారురా అందులో? చదివి వినిపించు, వింటాను" అన్నాడు.

అందరూ నవ్వారు. కొట్టామె నా ముందు పెట్టిన పులుసు గిన్నె అతని మొహాన పోశాను.

తుడుచుకున్నాడు. కోపం రాలేదు. అదే నాకు పుండు మీద కారం. "వేడి లేదులే, పరవాలేదు" అన్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "మీ నాన్న పోయాక పడవ నడపడానికి నేను కావాలి, నన్ను తెచ్చుకున్నారు. నువ్వు ఎదిగావు. పడవ నీది, ఇల్లు నీది. మీ అక్క మంచిది. ఏనాడూ ఒక్క మాట అనలేదు. చివరికి ఆ ఇంట్లో నేను ఏదీ అడగడం కూడా మానేశాను. ఇక్కడ పొద్దున్నే ఎవడో వేలు చూపించి 'నువ్వు, నువ్వు, నువ్వు' అంటాడు. ఆ మూడో నువ్వు నేను. చాలు."

ఇంకో ఆడది ఉందా అని అడిగాను. లేదన్నాడు. జబ్బా అన్నాను. లేదన్నాడు. ఉంటే నీకు అప్పుడే రాసేవాణ్ణి అక్కా. జబ్బుంటే చెప్పొచ్చు. ఇంకొకత్తె ఉంటే చెప్పొచ్చు, తిట్టొచ్చు. ఏమీ లేదు. రాడు, అంతే. దాన్ని నీకు ఎలా రాయాలో ఏ కరపత్రంలోనూ లేదు.

వచ్చేస్తుంటే అడిగాడు. "అది ఇంకా పళ్ళెం పెడుతోందా?"

"రోజూ."

"మానమను. సాయంత్రమయ్యేసరికి కడుపు నిండినట్టుంటుంది. తిననివ్వదు" అని నవ్వాడు. తర్వాత, "దొరకలేదని చెప్పు. ఉన్నానంటే బయల్దేరుతుంది. పోయానంటే ఏడుస్తుంది" అన్నాడు.

అతను చెప్పినట్టే రాశాను. నేను! ఇతబాషి వెళ్ళింది ఆ మర్నాడు. అక్కడ గోడ పక్కన ఒక పిల్ల గోరుతో బెరడు గీరుతూ ఏడుస్తోంది. ఆమె వెళ్ళేదాకా ఆగి, నేనూ గీరాను. చెప్పడం చేతకాక, చెట్టుతో చెప్పిద్దామనుకున్నాను.

నువ్వు తాగావని చదివినప్పటి నుంచి ఆ ఉత్తరమే తిప్పి తిప్పి చదువుతున్నాను. నేను నమ్మను. నమ్మను గాని, రాయి అక్కా.

కిసాకు

---

ఉఎనో
మార్చి చివర

అక్కకి,

ఇక్కడ చలి కొంచెం తగ్గింది. ఎండలో నిలబడితే వీపు వెచ్చగా ఉంటోంది. మీ దగ్గర మంచు ఇంకా కరగలేదేమో. ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను.

కత్సుషికా అవతల జిజో అనే దేవుడి రాతి బొమ్మ ఒకటుంది. కోరిక ఉన్నవాళ్ళు అతన్ని తాడుతో కట్టేస్తారు. తీరితే వచ్చి ఒక తాడు విప్పాలి. పాపం ఎంతమంది కట్టారో, ముక్కు తప్ప ఏమీ కనపడడం లేదు. దేవుణ్ణి నిర్బంధించడం బాగానే ఉందనిపించి వెళ్ళాను. ఊరికే చూద్దామని.

నేనూ కట్టాను. ఏం కోరానో రాయను.

నీ ఉత్తరం పోస్టులో ఎక్కడైనా తప్పిపోయిందేమో. కుజే గారిని రోజూ అడుగుతున్నాను. "ఉత్తరం వస్తే నేను తింటానా?" అంటున్నాడు.

కిసాకు

---

ఉఎనో
ఏప్రిల్

అక్కా,

ఒక్క ముక్క రాయి. తిట్టు. తిడుతూ రాయి.

ఆదివారం అందరూ చెర్రీ పూలు చూడ్డానికి చెట్ల కింద చాపలు పరుచుకుని కూర్చున్నారు. నేను వాళ్ళ మధ్య నుంచి సోబా పెట్టెలు మోసుకుంటూ వెళ్ళాను. మునుపైతే ఏదో ఒకటి అనేవాణ్ణి. ఒకాయన పిలిచి, "కూర్చో తమ్ముడూ, ఒక గుక్క తాగు" అన్నాడు. పని ఉందన్నాను. నిజానికి అది ఆఖరి పెట్టె. తర్వాత పనేం లేదు.

కరపత్రాలవాళ్ళ సభకి కూడా వెళ్ళాను. ప్రతివాడూ ఇంకొకడికి వివరిస్తున్నాడు. నాకు ఎవరూ ఏమీ వివరించవద్దనిపించింది.

మూత మీద ఆవిరి పడుతోందా? అదైనా చెప్పు.

కిసాకు

---

ఫునకావా రేవు
ఏప్రిల్ చివర

కిసాకూ,

నీ ఉత్తరాలన్నీ అందాయి. దేనికీ దారిలో ఏమీ కాలేదు.

నేను టోక్యో వచ్చాను.

ఇల్లు పిన్నికి అప్పగించి రైలెక్కాను. పొద్దున్నే దిగి అడుగుతూ అడుగుతూ నీ కన్నీళ్ళ వంతెనకి వెళ్ళాను. వీధి మూల పోలీసు గదిలో కుర్రాడు "అక్కడికెందుకమ్మా మీకు?" అన్నాడు. మా ఆయన ఉన్నాడన్నాను. తల దించుకుని దారి గీసిచ్చాడు.

వాళ్ళు పనికి వెళ్ళిపోయారు. సాయంత్రం దాకా ఆ పులుసు కొట్టు ముందు పెట్టె మీద కూర్చున్నాను. కొట్టామె ఉల్లికాడలు తరుగుతోంది. ఊరికే కూర్చోలేక నేనూ తరిగాను. ఆయన వచ్చి నన్ను చూసి అక్కడే ఆగిపోయాడు. నేను అడిగింది ఒక్కటే. "వస్తావా, రావా?" రానన్నాడు. సరే అన్నాను. ఏడ్చింది ఆయనే. ఒకరి పక్కన ఒకరం పులుసు తిన్నాం. "నేనేదీ అడిగేవాణ్ణి కాదు, నువ్వూ అడిగేదానివి కాదు" అన్నాడు. నిజమేరా. నేను మంచిదాన్ని అనిపించుకుంటూ ఉండిపోయాను. విడిపోయాం. కేకలేం లేవు. తిరిగి వస్తున్నప్పుడు కాళ్ళు నొప్పి పెట్టాయి తప్ప ఇంకేం నొప్పి తెలియలేదు. అది తర్వాత, ఇంటికొచ్చి బియ్యం కొలిచేటప్పుడు తెలిసింది.

మర్నాడు రైలుకి ముందు మీ అంగడి దాకా వచ్చాను. ఎదురు వీధి అంచున నిలబడ్డాను. నువ్వు లోపల ఎవరితోనో గొడవ పడుతున్నావు. మాటలు తెలియలేదు, గొంతు తెలిసింది. బయటికి వచ్చి సైకిల్ తుడిచావు. సన్నబడ్డావు.

పిలవలేదు.

పిలిస్తే నువ్వు పరుగెత్తుకొచ్చేవాడివి. వచ్చి, నేను చూసి వచ్చిందంతా నాకే వివరించేవాడివి. ఎవరిది తప్పో, ఎందుకు తప్పో. నాకు అది అక్కర్లేదు. నా మొగుణ్ణి నేను చూసుకున్నాను. అది కొన్నాళ్ళు నా దగ్గరే ఉండనీ అనుకున్నాను.

బెరడు వల్ల అనుకోకు. నాకు కావాల్సింది ఒక మాట. నువ్వు చెట్టు తోలు పంపావు.

పళ్ళేలు రెండూ మానేశాను. ఆయన ప్రయాణంలో లేడు, అక్కడే ఉంటున్నాడు. ఉన్నచోట ఉన్నవాడికి నీడ పళ్ళెం పెట్టరు. నీ సంగతి నాకు తెలియదు. ఊరు చూడ్డానికి వెళ్ళావో, ఇక్కడ ఒక మనిషికి ఎదురుగా చెప్పాల్సింది చెప్పలేక అక్కడ ఉండిపోయావో నువ్వే తేల్చుకో. తేలాక రాయి. అంతవరకూ రాయకు.

షిగెనో

---

ఉఎనో
మే

అక్కా,

తేలాక రాయమన్నావు. తేలలేదు. అయినా రాస్తున్నాను, ఇది ఆఖరు. ఇక తేలేదాకా రాయను.

నువ్వు వచ్చిన రోజు ఏదో కనుక్కుందామని చూశాను. ఆ వారమంతా నేను రోజూ ఎవరితోనో ఒకరితో గొడవ పడ్డాను, కాబట్టి తెలియలేదు. సైకిల్ కూడా రోజూ తుడుస్తాను. ఎన్నిసార్లు తలుచుకున్నా ఎదురు వీధి అంచున ఎవరూ గుర్తు రావడం లేదు. నేను అటు చూడనే లేదు. ఈ ఊళ్ళో ఎవరూ చూడనివన్నీ చూస్తానని వచ్చినవాణ్ణి.

నిన్న మధ్యాహ్నం, రద్దీ తగ్గాక, రోడ్డు దాటి అక్కడికి వెళ్ళి నిలబడ్డాను. నువ్వు నిలబడింది బట్టల ఇస్త్రీ కొట్టు పక్కన అయి ఉంటుంది, మిగతా చోటంతా వచ్చేపోయే బండ్లు. అక్కడి నుంచి మా గుమ్మానికి వేలాడే నీలం గుడ్డ కనిపిస్తుంది. గుడ్డ కింద తినేవాళ్ళ కాళ్ళు కనిపిస్తాయి. మొహాలు కనపడవు. గోడకి ఆనించిన నా సైకిల్. అంతే.

చాలాసేపు నిలబడ్డాను. నువ్వు చూసినంత సేపూ చూద్దామని.

అంతలో లోపల్నుంచి కుజే గారి అరుపు. "కిసాకూ! ఎక్కడ చచ్చావురా?"

పలకలేదు. ఇంకోసారి పిలిస్తే బాగుండునని ఊరుకున్నాను. పిలిచాడు. మూడోసారి కూడా పిలిచాడు. అప్పుడు వెళ్ళాను.

కిసాకు